మూసీ ఒడ్డున ఆగిన కథ

కొత్త చింతపండు బుట్ట మూత తీస్తే పులుపూ ఎండా కలిసి వచ్చే వాసనకు ఇప్పటికీ నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. తార్నాకలో ఇప్పుడు గింజ తీసినదే పొట్లాల్లో దొరుకుతుంది కాబట్టి, ఎవరైనా ఊరినుంచి తెచ్చిపెడితే తప్ప ఆ వాసన తగలదు. తగిలినప్పుడల్లా నేను నోరు జారి ఆపేసిన ఒక కథ గుర్తొస్తుంది. దాని చివర ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.

అరవయ్యో దశకం చివర మేము యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చిన లెక్చరరు. మా వెనక వరసలో ఉండే ల్యాబ్ అటెండరు తల్లి లచ్చవ్వ. మాఘం వెళ్లి ఎండ ముదిరే రోజుల్లో, బండరాళ్ల మధ్య సీతాఫలం పొదలు ఎండి గలగలలాడుతుంటే, తొక్కుడుబిళ్ల ఆడి దుమ్ముకాళ్లతో నేను ఇల్లు చేరేసరికి, వెనక వరండాలో గోనెపట్టా మీద చింతపండు రాశి ముందు అమ్మా లచ్చవ్వా కూర్చుని ఉండేవాళ్లు. అమ్మ గింజ కొట్టేది, లచ్చవ్వ పీచు లాగేది, కొంగున కట్టి తెచ్చిన సకినాల ముక్కలు నా చేతిలో పోసి కథ ఎత్తుకునేది.

“ఊ కొట్టాలె బిడ్డా. ఊ కొట్టకుంటే కథ దారి తప్పుతది.”

“దారి తప్పడం దీనికి అలవాటే లే అవ్వా. బడినుంచి ఇంటికి రావడానికే గంట పడుతుంది,” అనేది అమ్మ.

అది పామును పెళ్లాడిన కుమ్మరి పిల్ల కథ. పగలంతా పాము, దీపం పెట్టగానే కుబుసం విడిచి మనిషి. అక్కల ఎత్తిపొడుపులు పడలేక ఆ పిల్ల ఒకరోజు కుబుసాన్ని పొయ్యిలో వేస్తుంది. ఒళ్లంతా బొబ్బలెక్కిన మొగుడు, “ఇంకొక్క నెల ఓపిక పట్టకపోతివా” అని వెళ్లిపోతాడు. ఆమె వెతుక్కుంటూ బయల్దేరుతుంది. లచ్చవ్వ కథలో అడవి రామంతాపూర్ చెరువు అవతల మొదలయ్యేది, నది మూసీయే. అంబర్‌పేట్ దగ్గర బట్టలుతికే ఒక ముసలామె ఆమె పుండ్లుపడిన కాళ్లు చూసి, “గీ మూట పిండిపెట్టు, దారి చెప్త” అంటుంది. చీకటి పడుతోందని కథ అక్కడ ఆపి లచ్చవ్వ లేచింది.

ఆ ఆదివారమే నాన్న మమ్మల్ని సికింద్రాబాద్‌లో సినిమాకు తీసుకెళ్లారు. అదే కథ. కుమ్మరి పిల్ల మెడనిండా నగలు, అట్టతో చేసిన కొండలు, గులాబీరంగు పొగ. అలవాటుగా నేను ఊ కొడుతుంటే అన్నయ్య మోచేత్తో పొడిచాడు. “ఎవరికే ఊ కొడుతున్నావు? నువ్వు కొట్టకపోయినా వాళ్లు ఆగర్లే.” నిజమే, ఆగలేదు. కుబుసం మంటల్లో పడగానే ఉరుము ఉరిమి, కిరీటంతో రాకుమారుడు నిలబడ్డాడు. పాట, పెళ్లి, శుభం. ఎవరూ ఎక్కడికీ నడవలేదు. ఇంటికొచ్చి, ఆ ఏడాది నాన్న ఇచ్చిన డైరీలో ఆ సినిమాను ఆరు పేజీలు రాశాను.

మర్నాడు లచ్చవ్వ పీచు తీస్తూ, “ముసలామె మూట పిండినంక...” అని ఎత్తుకుంది. నేను ఊ కొట్టలేదు.

“అది తప్పు అవ్వా. కుబుసం కాల్చగానే మనిషి అయిపోతాడు. ఆమె ఎక్కడికీ వెళ్లదు. నేను చూశాను.”

లచ్చవ్వ చేతులు ఆగాయి. “నువ్వు జూసినవా?”

“చూశాను. అందరం చూశాం.”

“గట్లనా.” ఒక పీచు లాగి పక్కన పడేసింది. “నాకు మా అవ్వ చెప్పింది బిడ్డా. ఆమె గూడ జూడలే.”

అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. లచ్చవ్వ మాత్రం, “పిల్లనెందుకు కొడ్తవమ్మా” అని అడ్డుపడి, మిగతా పని కథ లేకుండానే ముగించి వెళ్లింది. తర్వాత రెండు మూడుసార్లు వెళ్లి అడిగాను. కోపం లేదు, తలకు నూనె రాసి జడ కూడా వేసింది. కథ మాత్రం, “నీకు ఎర్కనే గద” అని నవ్వి దాటేసింది. వానలు పడగానే నాట్లకని ఊరికి వెళ్లిన మనిషి మళ్లీ క్యాంపస్‌కు రాలేదు. జ్వరంతో అక్కడే పోయిందని దసరా తర్వాత తెలిసింది.

నా డైరీలన్నీ సంవత్సరాల వరసలో బీరువాలో ఉన్నాయి. లచ్చవ్వ కథ గురించి అందులో ఉన్నది ఒక్క వాక్యం: “ఈ రోజు చింతపండు పని అయిపోయింది, లచ్చవ్వ కథ చెప్పలేదు.” ఆమె చెప్పిన రోజుల్లో రాయాలనే తోచలేదు. రోజూ వచ్చే మనిషి కథను ఎవరు రాసుకుంటారు?

క్వార్టర్స్ వెనక వరస ఎప్పుడో కూల్చేశారు, బండల మధ్య సీతాఫలాలూ పోయాయి. మొన్న మనవరాలు కథ అడిగితే లచ్చవ్వదే ఎత్తుకున్నాను. కుమ్మరి పిల్ల మూసీలో మూట పిండేదాకా వచ్చి ఆగిపోయాను.

“ఆ తర్వాత, అమ్మమ్మా? భర్త దొరికాడా?”

“నాకు తెలియదే.”

పిల్ల నమ్మలేదు. ఫోన్ తీసి రెండు నిమిషాల్లో ఆ పాత సినిమాను పట్టుకుంది. మొత్తం ఉంది, పాటలతో సహా.

“ఇదిగో అమ్మమ్మా, చివరిదాకా ఉంది,” అని నా చేతిలో పెట్టింది.