డాక్టరుకు చెప్పని చెక్కపొడి

ఈ మధ్య వచ్చే కూలర్ గడ్డిలో పస ఉండటం లేదు. ఒకప్పుడు ఉగాదికి మార్పిస్తే మృగశిర దాకా ఢోకా ఉండేది కాదు. ఆ ఏడు మాత్రం నెల తిరగకముందే ముద్దకట్టి, నల్లబడి, నీళ్లు దిగడం మానేసింది. ఒక ముద్ద కవర్లో వేసుకుని అమ్మిన షాపుకే పోయాను. షాపాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "గడ్డి మంచిదే సార్. దీన్ల ఎవలో పిండి కలిపిండ్రు," అన్నాడు. వ్యాపారంలో నిజాయితీ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు అతనికి చెప్పి, మళ్లీ అతని దగ్గరే కొత్త గడ్డి కొనుక్కుని ఇంటికొచ్చాను.

మెట్లెక్కుతుంటే మధ్యలో నా భార్య స్వరూప కూర్చుని ఉంది. పక్కన కూరగాయల సంచి.

"ఏమైంది?"

"ఏం గాలే. జర దమ్ము తీస్కుంటున్న. నువ్వు పో."

నేను పోయాను. గడ్డి మార్చాలి కదా.

మేము నల్లగొండలో ఒక ఇంటి రెండో అంతస్తులో కిరాయికి ఉంటాం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. స్వరూప హాలియా తోవలో ఉన్న ఒక ఊళ్లో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆమె గొంతు గురించి ఒక మాట చెప్పాలి. మా కాలనీలో బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక పాదం అంటే మిగతా ఆడవాళ్లంతా అందుకుంటారు. ఒక ఏడు ఎవరో ఉత్సాహపడి మైకు తెచ్చారు. ఆ మైకు మూడు రోజులూ ఊరికే నిలబడి విని వెళ్లిపోయింది.

ఇక ఓడ సంగతి. నలభై ఎనిమిదో పుట్టినరోజుకు నాకు నేనే ఒక చెక్క ఓడ కిట్టు కొనిచ్చుకున్నాను. రెండు స్తంభాలు, తెరచాపలు ఉన్న పాతకాలపు ఓడకు నమూనా. నల్లగొండ వాడికి ఓడెందుకని అందరూ అడిగారు. నాకూ తెలియదు. పొడుగాటి డబ్బా చూసి స్వరూప ట్యూబులైట్లు అనుకుంది. లోపల సన్నటి చెక్కపట్టీలు, చిన్న ఇత్తడి మేకులు, దారపు ఉండలు, నాకు రాని భాషలో ఒక పుస్తకం ఉన్నాయి. ముందు ఓడ వెన్నెముక పెట్టి, దానికి అడ్డంగా పక్కటెముకలు నిలబెట్టాలి. పట్టీలను నీళ్లలో నానబెట్టి, వేడికి వంచి, ఒక్కొక్కటిగా ఆ ఎముకలకు అతికించాలి. అంతా అయ్యాక ఎగుడుదిగుళ్లు పోయేదాకా సాండ్ పేపరుతో రుద్దాలి. రుద్దడమంటే ఒక పూట పని కాదు, నెలల పని. రాలే పొడి మైదాపిండి కన్నా సన్నగా ఉంటుంది.

మొదట అన్నాల టేబుల్ మీద పెట్టుకున్నాను.

"సారూ, చారుల చెక్క తేలుతాంది. నీ పడవను అవతల పెట్టు," అంది స్వరూప.

"పడవ కాదు, ఓడ."

"ఏదైతేంది, చారుల తేలకుంటే చాలు."

అందుకని బాల్కనీలోకి మారాను. నీడ కోసం కూలర్ వెనక స్టూలు వేసుకున్నాను. ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కలగకుండా బయట కూర్చున్నందుకు నా మీద నాకే కొంత గౌరవం కలిగింది. ఆ కూలర్ మా పడకగది కిటికీకి బిగించి ఉంటుంది. వెనక నుంచి గాలి పీల్చుకుని గదిలోకి వదులుతుంది. గాలి ఎటు నుంచి ఎటు పోతుందో ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద బాణాలు గీసి చెబుతున్నవాణ్ని. ఆ ఒక్క బాణం గీసుకోలేదు.

స్వరూప బడి నుంచి వచ్చి, గంటసేపు కూలర్ ముందు నడుం వాల్చేది. సరిగ్గా అప్పుడే నేను కాలేజీ నుంచి వచ్చి రుద్దడానికి కూర్చునేవాణ్ని. చీకటి పడేసరికి ఆమెకు ఒళ్లు వెచ్చబడేది. పొడి దగ్గు మొదలయ్యేది. ఊళ్లోని డాక్టరు "వైరల్, వారం చూద్దాం" అన్నారు. వారం చూశాం. తర్వాత యాంటీబయాటిక్స్, సిరప్. తర్వాత ఎక్స్‌రే. ఆ ఫిల్మును వెలుగుకు పట్టి చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా ఓడ పక్కటెముకలు. రాయడానికి సిగ్గుగా ఉంది, కాని అంతే జరిగింది. టీబీ ఏమోనని కఫం పరీక్ష కూడా చేశారు. నెగెటివ్. "అలర్జిక్ బ్రాంకైటిస్ లాగుంది" అని ఇన్‌హేలర్ రాశారు.

వేసవి సెలవుల్లో స్వరూప మర్రిగూడ దగ్గర పుట్టింటికి పోయి పది రోజులుంది. అక్కడ దగ్గు లేదు. తిరిగొచ్చిన మూడో రోజుకు మళ్లీ మొదలు. నేను స్టాఫ్ రూములో, "మా ఆవిడకు నేనంటే అలర్జీ అని తేలింది" అని చెప్పి అందర్నీ నవ్వించాను. పుట్టింట్లో తగ్గి మా ఇంట్లో ఎందుకొస్తోందని ఆ నవ్విన వాళ్లలో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. జోకు బాగా పేలింది, అంతవరకు చాలనుకున్నాను.

జూన్‌లో బళ్లు తెరిచారు. ఒక సాయంత్రం స్వరూప చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూర్చుంది.

"ముప్పై ఒక్క పేర్లుంటయి హాజరుల. పదిహేను పిలిచి ఆగిన. పిల్లలు నా మొకమే సూస్తాండ్రు. నాకు బుగులైతాందయ్యా."

కరోనా అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ వెతికి వేలికి పెట్టాను. తొంభై. మెట్లెక్కించి పెడితే ఎనభై ఆరు. మర్నాడే హైదరాబాద్ పోయాం.

అక్కడి లంగ్స్ డాక్టరమ్మ ముందు ఊపిరి బలం కొలిచే పీఎఫ్‌టీ పరీక్ష చేయించారు. గొట్టంలోకి ఊదాలి. టెక్నీషియన్ "ఊదమ్మా, ఇంకా, ఇంకా, ఇంకా" అంటుంటే, కాలనీ అంతటికీ వినబడే గొంతు ఆ గొట్టం కొసదాకా పోలేక దగ్గై ఆగిపోయింది. తర్వాత ఛాతీకి హెచ్ఆర్‌సీటీ స్కాన్. రిపోర్టు చూసి డాక్టరమ్మ, "గ్రౌండ్ గ్లాస్ అంటాం దీన్ని. గరుకు అద్దంలాగా మబ్బుగా ఉంది చూడండి," అని వరుసగా ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఇంట్లో పావురాలున్నాయా?"

"లేవు మేడమ్."

"కూలర్?"

"కూలర్ లేకుంటే నల్లగొండలో మనుషులుండరు మేడమ్."

ఆమె నవ్వారు. నాకు ఊపొచ్చింది.

"చెక్క పని, కార్పెంటరీ లాంటిది ఇంట్లో ఏమైనా జరుగుతోందా?"

"మా ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా మనిషిని పిలవాలి మేడమ్."

ఆమె మళ్లీ నవ్వి, ముందున్న ఫారంలో ఆ ప్రశ్న గడిలో 'నో' అని టిక్కు పెట్టారు. టిక్కు పెట్టడం నేను చూశాను. నోరు తెరిస్తే ఒక్క మాట. ఓడ అనే ఆ మాట, యాభైకి దగ్గరపడిన మనిషి ఆ గదిలో అనడానికి కాస్త చిన్నతనంగా అనిపించింది. దానికి తోడు నా ఓడకు ఎడమవైపు అప్పుడే నున్నబడుతోంది.

బస్సులో స్వరూప అంది: "ఓడ సంగతి చెప్పకపోతివి."

"అది కార్పెంటరీ ఎట్లయితది? హాబీ."

"ఏమో మరి. సైన్సు చెప్పెటోనివి నువ్వు. నీకెర్కనే ఉంటది." అని కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.

జబ్బు పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. "ఏదో ఒకదాన్ని రోజూ పీలుస్తున్నారు. లంగ్స్ దాంతో కొట్లాడుతున్నాయి. అదేమిటో మీ ఇంట్లోనే వెతకాలి. ముందు కూలర్ తీసేయండి," అన్నారు డాక్టరమ్మ. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. వానలు పడుతున్నాయి కాబట్టి కూలర్ తీసేయడం నాకు గొప్ప త్యాగమేమీ కాలేదు.

స్టెరాయిడ్ పని చేసింది. ఆక్సిజన్ తొంభై ఆరుకొచ్చింది. దాంతోపాటు షుగర్ కూడా పెరిగింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. "అద్దంల సూస్తే మా మేనత్త కనబడుతాంది. ఆమెకు నాకు పడది," అనేది స్వరూప. దొంగ దొరికాడు, వాడు కూలరే అని నేను తీర్మానించేశాను. మాత్రల డోసు తగ్గించడం మొదలైన వారమే, ఆసుపత్రుల తిరుగుడులో పక్కన పడ్డ ఓడను బయటికి తీశాను. కుడివైపు మిగిలి ఉంది. బాల్కనీలో జల్లు కొడుతోందని ఈసారి ఇంట్లోనే, మా పడకగది పక్కనున్న చిన్న గదిలో పెట్టుకున్నాను. అక్కడ నేల మీద పడ్డ పొడిని రోజూ పొరకతో ఊడ్చేవాణ్ని. పొరకతో ఊడిస్తే పొడి ఎక్కడికి పోతుందో కూడా ఫిజిక్సే. దాని గురించీ ఆలోచించలేదు.

మూడు వారాలకు దగ్గు తిరిగొచ్చింది. డోసు తగ్గించినందుకేమో అనుకున్నాం. అంతలో పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ వచ్చింది. కాలనీ ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి స్వరూప వైపు చూశారు. మొదటి పాదం ఎత్తుకుంది. రెండోది సగంలో తెగిపోయింది. తర్వాత ఎదురింటావిడ మెల్లగా అందుకుంది. స్వరూప పాడకుండా చప్పట్లు కొడుతూ రెండు చుట్లు తిరిగి, వచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను గేటు దగ్గర నిలబడి ఇదంతా చూశాను. నా గోళ్ల సందుల్లో అప్పటికింకా చెక్కపొడి ఉంది.

పండుగకని మా అత్తమ్మ వచ్చింది. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మెడ ఆమెది, బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మర్నాడు పొద్దున గౌరమ్మ కోసం ఇత్తడి తాంబాళం చింతపండుతో తోమి, మా పడకగదిలో మంచం మీద బోర్లించకుండా పెట్టింది. మధ్యాహ్నం చూసి వేలితో రాసింది. వాసన చూసింది.

"పసుపనుకున్న అల్లుడా. పసుపు గాదు, కట్టె." అని మనిషి మొత్తం చిన్న గది వైపు తిరిగింది. "లోపట ఏం జేస్తున్నవ్?"

"ఓడను రుద్దుతున్న అత్తమ్మా."

"నా బిడ్డకు ఊపిరాడక సస్తాంటే, నువ్వు గీడ కూసోని కట్టె రుద్దుతున్నవా?"

చేతిలోని సాండ్ పేపరు కింద పెట్టాను.

రెండు రోజుల తర్వాత హైదరాబాద్‌లో, ఫోన్లో ఓడ ఫొటో తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను.

"బాగుంది. ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు?"

"ఏడాది దాటింది మేడమ్."

ఆమె కలం కింద పెట్టారు. "నేను మిమ్మల్ని కార్పెంటరీ గురించి అడిగాను కదా?"

"అడిగారు."

"మీరేమన్నారు?"

మేకు జోకు మళ్లీ చెప్పాను. అడిగారు కాబట్టి పూర్తిగా చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కూలర్ ఎక్కడుండేది, నా స్టూలు ఎక్కడుండేది అని కాగితం మీద గీయించారు. బాణం ఆమే గీశారు. "చెక్కపొడి ఒకటి, అది చిక్కుకున్న తడి గడ్డిలో పెరిగిన ఫంగస్ ఒకటి. రెండూ లోపలికే వెళ్లాయి," అన్నారు. మళ్లీ సీటీ తీయించి చూశారు. "కింది భాగంలో కొంత ఫైబ్రోసిస్ అయింది. అంటే మచ్చ. అది ఇక పోదు."

"ముందే చెప్పి ఉంటే?"

"ఇంత అయ్యేది కాదేమో. కచ్చితంగా నేను చెప్పలేను."

ఈ రెండు వాక్యాల మీదే అప్పటి నుంచి బతుకుతున్నాను. మంచి రోజున రెండోది గుర్తొస్తుంది.

ఆ వారం పరదాలు, పరుపు, పుస్తకాల అర అన్నీ తడిగుడ్డతో నేనే తుడిచాను. స్వరూప అప్పటికి తల్లితోపాటు మర్రిగూడ పోయింది. కూలర్‌ను పాత ఇనుము సామాన్ల బండికిచ్చేశాను. గడ్డి షాపాయనకు పిండి కలిపింది నేనేనని చెప్పి తప్పు ఒప్పుకుందామని పోయాను. ఆయనకు నేనెవరో గుర్తు లేదు. ఓడ ఇప్పుడు మా కాలేజీ ల్యాబు బీరువాలో ఉంది. ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా ఉంటుంది. స్తంభాలు నిలబెట్టలేదు. ఇది నీళ్ల మీద తేలుతదా సార్ అని పిల్లలు అడుగుతుంటారు.

స్వరూపకు మళ్లీ స్టెరాయిడ్, దానికి తోడు రోగనిరోధక శక్తిని అదుపులో పెట్టే ఇంకో మాత్ర ఇచ్చారు. మూడు నెలలకొకసారి పీఎఫ్‌టీ. స్టెరాయిడ్ ఆపేసి చాలా కాలమైంది. షుగర్ మాత్రం పోలేదు. ఆక్సిజన్ తొంభై ఐదు దగ్గర నిలబడింది. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతుంది. ఇప్పుడు నేనూ ఆగుతాను. బళ్లో హాజరు పేర్లు పిల్లల్లోనే ఒకరు పిలుస్తారు. పోయిన బతుకమ్మకు కుర్చీలో కూర్చుని రెండు పాటలు ఎత్తుకుంది. మూడోది ఎదురింటావిడకు అప్పజెప్పింది. ఆ రెండు పాటలప్పుడు కాలనీ ఆడవాళ్లు మామూలు కన్నా గట్టిగా పాడారని నాకనిపించింది.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. దగ్గు మూడు వారాలు దాటి డాక్టరు దగ్గరికి పోతున్నారంటే, పోయే ముందు ఒక కాగితం మీద ఇంట్లో గాలిలో కలిసేవన్నీ రాసుకోండి. కూలర్, పావురాలు, అగరొత్తులు, ధాన్యం బస్తాలు, మీ చేతులతో మీరు చేసే పని ఎంత చిన్నతనంగా ఉన్నా అదీ రాయండి. ఊరికి పోతే తగ్గి, ఇంటికొస్తే తిరగబెడుతుంటే ఆ మాట పైన రాయండి. డాక్టరు అడిగితే జబ్బు మనిషినే చెప్పనివ్వండి. పక్కన కూర్చున్నవాడు సరదా మనిషి అయితే వాణ్ని బయట కూర్చోబెట్టండి.

ఇదంతా రాసి స్వరూపకు చదవమని ఇచ్చాను. దిద్దడం అలవాటు కాబట్టి ఎర్రపెన్ను తీసుకుని కూర్చుంది. చివరిదాకా చదివింది. ఎక్కడా పెన్ను పెట్టలేదు. కాగితాలు సర్ది నా చేతిలో పెట్టింది.

"అన్ని మంచిగనే రాసినవ్. గని నేను దగ్గినప్పుడల్లా, ఓడ మీద నీ చెయ్యి అదురుతాందని లేశొచ్చి ఆ చిన్న రూము తలుపు దగ్గరికేసుకుంటుంటివి. అది రాయకపోతివి."