ఎర్తింగ్ లేని దయ్యాలు

రాఘవేందర్ గారు దయ్యాల సినిమా ఒక్కటీ వదలరు, దయ్యాన్ని మాత్రం ఒక్కదాన్నీ నమ్మరు. తెరమీద బల్బు మిణుకుమంటే చాలు, ఆయనకు ఒళ్లు మండిపోతుంది. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు కరెంటు పని చేసి, ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా రిటైరయిన మనిషి. చిలకలగూడలో ఆయనింటి పైవాటాలో నేను అద్దెకుంటాను. ఆ పాపానికి థియేటర్లో ఆయన పక్క సీటు కూడా నాదే.

మొన్నటి సినిమాలో వందేళ్లనాటి బంగళా. దీపాలు టపటపా కొట్టుకున్నాయి, హాలంతా ఊపిరి బిగబట్టింది.

"ఎర్తింగ్ లేదు," అన్నారు రాఘవేందర్ గారు, ప్లాట్‌ఫారం ఆ చివరిదాకా వినిపించే గొంతుతో.

ముందు వరసాయన వెనక్కి తిరిగాడు. "సార్, జెర భయపడనియ్యుండ్రి."

"దయ్యానికేం భయపడ్తవయ్యా? ఆ స్విచ్‌బోర్డుకు భయపడు. తడి చేత్తోని ముట్టిండు సూడు హీరో. దయ్యం చంపకపోయినా షాకు కొట్టి సస్తడు."

దయ్యం వచ్చి వెళ్లిపోయింది. మా వరసలో ఎవరూ చూడలేదు, అందరం స్విచ్‌బోర్డునే చూస్తున్నాం.

ఆ తర్వాతి సినిమాలో హీరోయిన్ కొవ్వొత్తి పట్టుకుని నేలమాళిగలోకి దిగింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆయనకు కోపం వచ్చింది. "ఇల్లు కొన్నరు, మెయిన్ స్విచ్చి ఏడున్నదో తెల్వదు. గిసొంటోల్లకు దయ్యం పట్టాల్సిందే."

ఇవన్నీ ఓర్చుకున్నాను. సస్పెన్సు సినిమాకు చేసిన ద్రోహం మాత్రం క్షమించలేను. హత్య జరిగే ముందు గదిలో లైట్లు ఆరిపోయాయి. ఇంకా ఇంటర్వెల్ కూడా కాలేదు.

"లైట్లు పోయినయి గాని ఫ్యాను తిరుగుతుంది. అంటే లైట్ల ఫీజొక్కటే పీకిండు. ఫీజుల సంగతి ఆ ఇంట్ల ఎవనికి ఎరుక? మొదటి సీన్ల ఫీజు కట్టిన బావమర్దికి. ఆడే చంపిండు."

బావమరిదే చంపాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. "నువ్వు సినిమా చూస్తవా, ఇన్‌స్పెక్షన్ చేస్తవా?" అని ఆయన భార్య సుమిత్రగారు కూడా నా పక్షానే నిలిచారు.

ఇంత తెలిసీ నేను నోరు జారాను. మా అమ్మాయికి ఒకప్పుడు పియానో నేర్పిన మేబెల్ ఆంటీ బోయిగూడలో ఒక పాత ఇంటి మేడమీద ఒంటరిగా ఉంటుంది. వాళ్ల హాల్లో బల్బు రోజూ సాయంత్రం ఆరూ ఏడూ మధ్య ఎవరూ ముట్టుకోకుండానే మిణుకుమంటుందని మాటల్లో అనేశాను.

మర్నాడే ఆయన టెస్టరు పట్టుకుని వెళ్లారు. కింది వాటావాళ్లు నీళ్ల మోటారు వేసినప్పుడల్లా జరిగే తంతు అది. న్యూట్రల్ వైరు వదులైంది. గంటలో బిగించి, అడగకుండానే ఎర్తింగ్ కూడా చేసి, గెలిచిన మొహంతో తిరిగొచ్చారు.

వారం తర్వాత నేను వెళ్లేసరికి మేబెల్ ఆంటీ రెండు కప్పుల టీ పెట్టుకుని బల్బుకేసి చూస్తూ కూర్చుంది.

"మా డెన్నిస్ పోయి ఆరేళ్లు, బాబూ. రోజూ ఈ టైముకు బల్బు ఒకసారి కొట్టుకునేది. ఇంటికొచ్చాడు అనుకుని టీ పోసేదాన్ని. మీ ఫోర్‌మన్ వచ్చి వెళ్లాక రావట్లేదు."

నాకు పట్టరాని కోపం వచ్చింది. నేరుగా వచ్చి ఆయన్ని కడిగేశాను. "మీ ఎర్తింగ్ పాడుగాను. ఆవిడ మొగుణ్ణి రెండోసారి చంపారు మీరు. రోజూ వచ్చే మనిషిని రాకుండా చేశారు."

రాఘవేందర్ గారు జేబులోని టెస్టరు తీసి సొరుగులో పెట్టేశారు.

ఆ ఆదివారం సినిమాకు రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. ఈలోగా మేబెల్ ఆంటీ నుంచి ఫోనొచ్చింది, బల్బు మళ్లీ మిణుకుమంటోందని.

"ఏమైందండీ మీ పని?" అని నిలదీశాను.

"పాత వైరింగ్ గదా తమ్మీ, గట్లనే ఉంటది," అన్నారు గోడకేసి చూస్తూ. వదులు వైరు కనబడితే పెళ్లిపందిట్లో కూడా భోజనం వదిలి లేచే మనిషి ఈ మాట అన్నాడు. నేను నమ్మలేదు.

బోయిగూడ వెళ్లి చూశాను. ముందున్న బల్బు స్థానంలో పాతకాలపు పసుపు బల్బు. స్విచ్‌బోర్డు పక్కన కొత్త డబ్బా. మూత తీస్తే లోపల చిన్న టైమరు, ట్యూబులైటు స్టార్టరు. బల్బుకు స్టార్టరు తగిలిస్తే మిణుకుమిణుకుమంటుందని వినాయక మంటపాలు కట్టే ప్రతివాడికీ తెలుసు. ఒక్క వైరూ వదులుగా లేదు. ఎర్తింగ్ మాత్రం పక్కాగా ఉంది.

సరిగ్గా ఆరున్నరకు బల్బు కొట్టుకుంది. మేబెల్ ఆంటీ రెండో కప్పులో టీ పోసి, నా చేతిలోని మూతకేసి చూసి నవ్వింది.

"మీ ఫోర్‌మన్‌కు థాంక్స్ చెప్పు బాబూ. ఒక్క మాట కూడా చెప్పు. మా డెన్నిస్ గూడ్సు బండి గార్డు. బతికినన్నాళ్లూ ఒక్కరోజూ టైముకు ఇంటికి రాలేదు. అప్పుడప్పుడు కొంచెం లేటుగా పంపమను."

ఈ మాట చేరవేస్తే రాఘవేందర్ గారు చెవులదాకా ఎర్రబడ్డారు. ఆ వెంటనే నామీదే మండిపడ్డారు.

"గూడ్సు గార్డని ముందుగాల చెప్పొద్దా తమ్మీ?" అంటూ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బోయిగూడ బయల్దేరారు.