బయటి గడియ

దెయ్యాల కబుర్లు మొదలెడితే మా నాన్నగారు కసురుకునేవారు. నేనూ అలాగే పెరిగాను. నిడదవోలులో సైన్సు టీచర్ని. ఇది భయంతో రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను.

రాజమండ్రి శివార్లలో ఒక కాలేజీ దగ్గర చిన్న డాబా కొన్నాం, ఆడపిల్లలకు అద్దెకిద్దామని. వెనక గదికి గడియ బయటివైపు మాత్రమే ఉంది. "పిల్లలు షికార్లు తిరక్కుండా అండీ," అన్నారు ఆ ఇల్లు మాకు అమ్మినాయన. నాకు నచ్చలేదు. అయినా ఆ గది ఖాళీయే కదా అని, అదే గడియకు తాళం వేశాను.

మళ్ళీ వెళ్ళేసరికి గడియ తాళంతో సహా నేలమీద ఉంది. పక్కనే స్క్రూలు వరసగా పేర్చి ఉన్నాయి. ముందు గదుల్లో అద్దెకుండే పిల్లల్ని తిట్టాను. "మేం ముట్టుకోలేదు ఆంటీ," అని ఏడ్చారు.

వడ్రంగిని పిలిస్తే ఇంకా పొడుగు స్క్రూలతో బిగించాడు. ఆ మధ్యాహ్నం పిల్లలు కాలేజీలో ఉన్నారు, ఇంట్లో నేనొక్కదాన్నే. వెనక ఏదో పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే గడియ కిందుంది. చెక్క చిట్లలేదు.

పక్కింటావిడను నిలదీస్తే అప్పుడు నోరు విప్పింది.

"ఆ గదిలో ఒకమ్మాయి పోయిందండి. ఉబ్బసం. మీకు ఇల్లమ్మినాయనే బయట గడియ పెట్టేసి పెళ్ళికెళ్ళారు. తలుపు బాదిందండి పాపం."

"మీకు వినపడిందా?"

"మనకెందుకులే అనుకున్నామండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మినాయనకు ఫోన్ చేసి రప్పించాను.

"గాలి కబుర్లండీ, చూడండి," అంటూ ఆయనే ఆ గదిలోకి నడిచారు. తలుపు మూసుకుంది. గాలి లేదు. లోపల్నుంచి బాదడం మొదలెట్టారు.

"మేడమ్, గడియ తియ్యండి! ఊపిరాడట్లేదు!"

ఆయనకు చూపిద్దామని తీసిన గడియ నా చేతిలోనే ఉంది. బలంకొద్దీ తోశాను, కదల్లేదు. కాసేపటికి తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆయన తలుపుకున్న స్క్రూ బెజ్జాలు చూశారు, నా చేతిలోని గడియ చూశారు. చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయారు.

చెక్క ఉబ్బిందన్నాడు వడ్రంగి. మండు వేసవిలోనా? ఆ గడియ మళ్ళీ బిగించనివ్వలేదు. ఇప్పుడా గదికి లోపల గడియే ఉంది. ఇద్దరమ్మాయిలు హాయిగా ఉంటున్నారు.

ఆయనకు మాత్రం పక్క వీధిలో ఇంకో ఇల్లుంది. మొన్న అక్కడ 'టు లెట్' బోర్డు చూసి, కూతురితో లోపలికి వెళ్ళబోతున్న ఒక తండ్రిని ఆపాను.

"అద్దె తర్వాత అడుగుదురుగానండీ. ముందు తలుపులకి గడియలు ఎటువైపున్నాయో చూడండి."