పైకి పోయే గీత

నంద్యాలలో మా మిద్దె మీది గదిలో కూర్చుని నేను చేసే ఉద్యోగం ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదు. సోలారు, గాలిమరలు, బ్యాటరీలు, వీటిలో కొత్తది ఏదైనా కనిపెట్టినవాళ్లు పేటెంటు కోసం దరఖాస్తు పెట్టుకుంటారు. ఆ దరఖాస్తులన్నీ ఏరి, ఏ దేశంలో ఏ రకం పెరుగుతోందో గీత గీసి చూపాలి. గీత పైకి పోతే అడిగినవాళ్లు సంతోషిస్తారు. పోకపోతే, సరిగా వెతికావా అని నన్నే నిలదీస్తారు.

మా చిన్నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, ఇంక ఉలి పట్టుకుంటే బతకవని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. వేరే పని తెలియని మనిషి. ఆ భయంలోనే ఒక పనిముట్టు తయారు చేశాడు. సోలారు పలకల మీది దుమ్మును నీళ్లు లేకుండా తుడిచే పట్టీ అది. విగ్రహాలకు మెరుగు పెట్టే బట్ట చుట్టి, పలక వాలు మీద తనంతట తానే జారేట్టు అమర్చాడు. నీళ్లకు కటకటలాడే మా వైపు దాని అవసరం ఎంతో చెప్పక్కర్లేదు. నేను వెతికినంతలో అలాంటిది ఎక్కడా లేదు. పేటెంటు వస్తే ఆ హక్కు ఏ కంపెనీకైనా ఇచ్చి ఇంటిపట్టున ఉండొచ్చు, ఉలి జోలికి పోనక్కర్లేదు.

"దరఖాస్తు పెట్టేదాకా ఎవురికీ చూపియ్యొద్దు చిన్నాయనా. నలుగురూ చూసినారంటే కొత్తది కాదంటారు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. సరే అన్నాడు.

మా వాళ్లు కొత్త ఉలిని కూడా ఆయుధపూజలో పెట్టందే పనికి ఎత్తరు. దసరాకి ఆయన ఆ పట్టీని వీధిలో పీట మీద పెట్టి, కుంకుమ బొట్లు అద్ది, టెంకాయ కొట్టి, పక్కింటి సోలారు పలక మీద నడిపించాడు. వీధి వీధంతా చూసింది. ఎవరో ఫోనులో తీసి యూట్యూబులో కూడా పెట్టారు. అది చూసి ఒళ్లు మండి, ఆళ్లగడ్డ బస్సెక్కాను.

"చూపియ్యొద్దంటి కదా!"

"యాడ చూపిస్తి పాపా? పూజ చేసుకుంటి, అంతే. పూజ లేకుండా పనిముట్టు ముట్టుకుంటారా యాడన్నా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు దరఖాస్తు పెట్టించాం. పరీక్షించే అధికారులు ఆ వీడియోనే చూపించి, ఇది ముందే లోకానికి తెలిసిపోయిందని తిప్పికొట్టారు. వాళ్ల తప్పేమీ లేదు. అందుకే ఎవరిని తిట్టాలో తెలియక నాకు ఇంకా కోపం వచ్చింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు, ఆయన్ని అడగాల్సిన పని లేదు.

మొన్న ఆసుపత్రికని నంద్యాల వచ్చి, నా గదికి ఎక్కి వచ్చాడు. నేను గీత గీస్తున్నాను.

"నాది ఉందా పాపా ఇందులో?"

ఉంది. దరఖాస్తు పెడితే చాలు, లెక్కలోకి వస్తుంది. తర్వాత దాని గతి ఏమైందో ఈ గీత అడగదు. ఆయనది ఎక్కడుందో చూపించాను. తెర మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

"మీదికే పోతాందే!" అన్నాడు, సంతోషంగానే. అంతలో దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. వేలి సందుల్లో తెల్లటి రాతి పొడి కనిపించింది.

"మళ్లా చెక్కుతాండావా చిన్నాయనా?"

"చెక్కకుంటే ఎట్ల? రేపటికి నంది విగ్రహం చెక్కి ఇచ్చెయ్యాల, పోతా."

మెట్లు దిగుతున్నంతసేపూ దగ్గు వినిపిస్తూనే ఉంది. ఈ రంగానికి మంచి రోజులున్నాయని గీత కింద రాసి పంపించాను.