మత్తులో నాన్న పలికిన ఎముక పేరు

దెయ్యాలు, పూనకాలు, ఆవహించడాలు... ఇలాంటివేవీ నేను నమ్మను. మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. మా నాన్న పామర్రు దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారు. పక్కింటావిడ నాకు దిష్టి తీస్తానని ఎండుమిరపకాయలు పట్టుకొస్తే, వాటితో పచ్చడి చేయించిన మనిషి. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే కొంచెం మొహమాటం. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను ఇప్పుడు విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. ఇది జరిగినప్పుడు ఫస్టియర్ అనాటమీ తప్పి, సప్లిమెంటరీకి చదువుకుంటున్నాను.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. అది నాన్న పట్టుదల. ఇంటర్ ఎలాగో గట్టెక్కాను గానీ, కాలేజీలో ఎముకల దగ్గర బోర్లాపడ్డాను. తొడ ఎముక అంటే తెలుసు, ఫీమర్ అనగానే తడబడేదాన్ని. మణికట్టులో ఉండే చిన్న ఎముకల పేర్లయితే ఒకటి గుర్తొచ్చేసరికి ఇంకొకటి ఎగిరిపోయేది. వైవాలో ఎగ్జామినర్ నా చేతిలో ఒక ఎముక పెట్టి, ఇది కుడిదా ఎడమదా అని ఇంగ్లీషులో అడిగారు. నాకు తెలుసు. తెలిసీ నోరు పెగల్లేదు.

ఫెయిలయ్యానని తెలిసి మా పెదనాన్న ఉయ్యూరులో మా ఇంటికొచ్చారు. నా ఎదురుగానే నాన్నతో, "నీ తెలుగు పిచ్చితో పిల్ల బతుకు పాడుచేశావురా. ఈసారీ పోతే చదువు మాన్పించెయ్" అన్నారు.

ఎవరేమన్నా ఎదురు చెప్పే నాన్న ఆ రోజు తలొంచుకుని కూర్చున్నారు. పరీక్ష పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

అప్పట్నుంచి కసిగా చదివాను. సెలవులకి ఎముకల సెట్టు ఇంటికి తెచ్చుకుని, హాల్లో చాప మీద పరుచుకుని గట్టిగా వల్లెవేసేదాన్ని. అమ్మ ముక్కు మూసుకుని అటూ ఇటూ తిరిగేది. నాన్న మాత్రం వింటూ, మెడ కింది ఎముక దగ్గరికి రాగానే, "క్లావికిల్ అంటే మన జత్రుకేనా తల్లీ?" అని అడిగి మురిసిపోయేవారు. ఇంగ్లీషు పేర్లు ఆయన నోటికి ఒక పట్టాన తిరిగేవి కావు.

సరిగ్గా వైవా ముందు రోజు తెల్లవారుజామున నాన్నకి కడుపులో భయంకరమైన నొప్పి వచ్చింది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ఉయ్యూరు నుంచి కార్లో బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆసుపత్రికి తీసుకొచ్చాం. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. మర్నాడు పొద్దున నా వైవా.

ఆపరేషన్ బాగానే జరిగింది. మధ్యాహ్నం రికవరీ రూములోకి నన్నూ అమ్మనీ పిలిచారు. నాన్న కళ్లు మూసుకునే ఉన్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దగ్గరికెళ్లి చెవి పెట్టాను.

"టేలస్. కాల్కేనియస్. నావిక్యులర్. క్యూబాయిడ్."

పాదం ఎముకలు. ఎక్కడా తడబాటు లేదు. క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు, ఒక్కో పేరూ విడివిడిగా.

అక్కడున్న సిస్టర్ నవ్వి, "అంకుల్ డాక్టరా అండీ?" అంది.

"కాదమ్మా, తెలుగు మాస్టారు" అంది అమ్మ.

నాకూ నవ్వొచ్చింది. ఇంట్లో నేను చదివిందే మత్తులో బయటికొస్తోందనుకున్నాను. ఇందులో వింతేమీ లేదు.

తర్వాత ఆయన "ఆస్ ట్రైగోనమ్" అన్నారు. నేను ఆ పేరు ఎప్పుడూ వినలేదు. "పాపా, అది విరిగిన ముక్క కాదు. అతుక్కోకుండా మిగిలిపోయింది. అంచు చూడు" అన్నారు.

నాన్న నన్ను తల్లీ అంటారు. పాపా అని పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ పిలవలేదు. గొంతు ఆయనదే, కానీ ఆ మాట తీరు ఆయనది కాదు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కారిడార్‌లోకొచ్చి ఫోన్లో వెతికాను. ఉంది. మడమ వెనక, టేలస్‌ని ఆనుకుని కొందరికి ఒక చిన్న ఎముక విడిగా ఉండిపోతుంది. పెరిగే వయసులో అతుక్కోవాల్సింది అతుక్కోకపోతే అలా అవుతుంది. ఎక్స్‌రేలో చూసి విరిగిందని పొరబడతారు. అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటే అది విరిగింది కాదు.

ఆ పేజీ మళ్లీ మొదట్నుంచి చదివాను.

సాయంత్రానికి నాన్నకి పూర్తిగా తెలివొచ్చింది. ఏం మాట్లాడారో అడిగితే, ఏమీ గుర్తులేదన్నారు. "నా సంగతి అమ్మ చూసుకుంటుంది. నువ్వు రేపు పరీక్షకి వెళ్లు తల్లీ" అన్నారు, అంతే.

మర్నాడు వైవాలో వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఒక పెద్దావిడ వచ్చారు. నాకంటే ముందు లోపలికెళ్లిన అమ్మాయిలు మొహాలు వేలాడేసుకుని బయటికొస్తున్నారు. నా వంతొచ్చింది. ఆవిడ గోడకున్న లైటు మీద ఒక ఎక్స్‌రే పెట్టారు. మడమ పక్కనుంచి తీసింది. టేలస్ వెనక చిన్న ముక్క.

"ఏమైంది ఈ పేషెంట్‌కి?" అని ఇంగ్లీషులో అడిగారు.

నాన్న మత్తులో చెప్పినట్టే ముందు దాని అంచు చూశాను. తర్వాత, ఎప్పుడూ లేనిది, గుండె నెమ్మదించింది. "మేడమ్, తెలుగులో చెప్పొచ్చాండీ?" అన్నాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "చెప్పమ్మా" అన్నారు.

చెప్పాను. ఇది విరగలేదండీ, ఆస్ ట్రైగోనమ్. అంచు చూడండి, నున్నగా ఉంది. విరిగితే గరుగ్గా, వాడిగా ఉండేది. అనుమానముంటే రెండో కాలు కూడా ఎక్స్‌రే తీసి పోల్చుకోవచ్చు.

ఆవిడ నావైపు చూసి, బల్ల మీదున్న ఎముకలన్నీ నా ముందుకు జరిపారు. ఇక వరసగా ప్రశ్నలు. హ్యూమరస్ ఎటువైపుది? ఈ గాడిలో ఏ నరం వెళ్తుంది? మణికట్టు ఎముకలు వరసగా చెప్పు. ఒక్కటీ వదల్లేదు నేను. చివర్లో ఆవిడ లేచి నిలబడి, "ఇంత శుభ్రంగా చెప్పినవాళ్లు ఇవాళ ఎవరూ లేరు. ఏ మీడియం నువ్వు?" అన్నారు.

"తెలుగు మీడియం అండీ" అన్నాను. ఆ మాట అంత గట్టిగా నేను అదివరకెప్పుడూ అనలేదు.

ఆటో దిగి ఆసుపత్రి మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కాను. నాన్నకి చెప్పగానే, కుట్లు లాగుతున్నా లెక్కచెయ్యకుండా లేచి కూర్చుని, వార్డులో వాళ్లందరికీ వినపడేలా "మా అమ్మాయి!" అన్నారు. ఇంకేం చెప్పాలో తోచక మళ్లీ "మా అమ్మాయండీ!" అన్నారు. రిజల్ట్ వచ్చాక మా పెదనాన్నే స్వీట్ల డబ్బా పట్టుకొచ్చారు.

తర్వాత ఆ సర్జన్ గారిని అడిగాను, ఆపరేషన్ థియేటర్లో ఎవరైనా పాదం గురించి మాట్లాడుకున్నారా అని. లేదన్నారు. మా వంశంలో డాక్టర్లు లేరు. ఆ పేరు నాన్నతో పలికించి చూశాను. ట్రైగోనమ్ దగ్గర నాలుక మడతపడి, ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

నన్ను పాపా అని పిలిచిందెవరో నాకు ఈరోజుకీ తెలియదు. ఎంత ఆలోచించినా ఏ లెక్కకీ అందడం లేదు. కానీ ఒక్క సంగతి మాత్రం ఎవరడిగినా గర్వంగా చెబుతాను. ఆ ఒక్క ఎముక పేరే నాకు ఎవరో అందించారు. ఆ రోజు బల్ల మీదున్న మిగతా ఎముకలన్నీ నేను చదువుకున్నవే.