రెండో మనిషిని తీసేసిన చోట

మా మేనమామ పోయారన్న కబురు నరసాపురం ఫ్యాక్టరీకి వెళ్ళే కంపెనీ బస్సులో తెలిసింది. గుండెపోటట. ఏడుపు కంటే ముందు నాకు కోపమే వచ్చింది. ఆయన మీద విచారణ ఇంకా తేలనే లేదు.

మామ విమానాశ్రయంలో భద్రతా అధికారి. ప్రయాణికుల సంచులను ఎక్స్‌రే తెర మీద చూసే చోట ఇద్దరుండేవారు. ఒకరి కళ్ళు అలిసేసరికి మరొకరు కూర్చునేవారు. పొదుపు పేరు చెప్పి పైవాళ్ళు రెండో మనిషిని తీసేశారు. మామ ఒకటికి పదిసార్లు మొరపెట్టుకున్నారు. ఎవరూ పలక్కపోతే పార్లమెంటు సభ్యుడికి చెప్పారు. అంతే! రహస్యం బయటపెట్టాడని సస్పెండ్ చేశారు. ఫిర్యాదు వదులుకుంటే ఉద్యోగం తిరిగిస్తామన్నారు.

"ఎనక్కి తీసుకుంటే నీ సొమ్మేం పోతాది? పిలకాయల చదువులు ఎట్ల?" అని అత్త రోజూ పోరేది.

"ఆడ ఒక్కడే చూస్తా ఉండాడే. కండ్లు మూతపడేది వానికే తెలీదు," అనేవారు మామ.

ఆ మొండితనం ఊరిగాం బంగారు గనిది. తాత అక్కడ మనుషుల్ని గనిలోకి దించే ఇంజను నడిపేవాడు. వాళ్ళు దిగుతున్నంతసేపూ పక్కన రెండో డ్రైవరు ఉండాల్సిందే, ఎవరూ నోరు మెదపకూడదు. చిన్నప్పుడు అన్నం క్యారియరు తీసుకెళ్ళిన మామ కూడా గుమ్మం బయటే గమ్మున నిలబడేవారట. పెద్దయ్యాక, ఇంటి మీదుగా విమానం పోతే చాలు, మాట సగంలో ఆపి చెయ్యెత్తేవారు. చప్పుడు పోయేదాకా పైకే చూసేవారు.

"ఇంగ చాలు మామా, నీ చూపు మీదే నిలబడి ఉండాదా అది?" అని ఎగతాళి చేసేదాన్ని. సస్పెండయ్యాక నాకూ నవ్వు రాలేదు.

నేను ఫ్యాక్టరీలో బండ్ల బ్రేకులు పరీక్షిస్తాను. "నీ ఎనక ఇంగొకరు చూస్తారా అమ్మా?" అని కనబడినప్పుడల్లా అడిగేవారు. ఆ ప్రశ్న పుణ్యాన ఇప్పటికీ పక్కమ్మాయిని పిలిచి చూపిస్తాను.

కర్మలు అయిన మర్నాడు మామ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఫొటోకు దండ వేసి, కాఫీ తాగుతూ, "ఫిర్యాదు చేసినాయనే లేరు కదమ్మా. మీరు సరే అంటే దాన్ని ఇంతటితో మూసే..." అన్నారు.

పైన విమానం మోత. అత్త చెయ్యెత్తింది. ఆయన ఆగిపోయారు. మోత సన్నగిల్లి పోయేదాకా ఎవరం కదల్లేదు.

"ఇప్పుడు పోయిందే, దాంట్లోకి ఎక్కిన సంచులు చూసింది ఒకరా, ఇద్దరా సార్?" అని అడిగింది అత్త.

ఆయన గ్లాసు కింద పెట్టారు. లేవబోయారు.

"అయితే మూసేది లేదు," అంది అత్త.

ఆయన చెప్పులు వేసుకుంటుండగా ఇంకో మోత మొదలైంది. అత్త చెయ్యి మళ్ళీ లేచింది.