మతానికో గది

కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మా మావయ్య ఫోన్ చేసి, "మీ అత్త కుట్టిన వాక్యం ఎగ్జిబిషన్లో ఎడతారంట, నువ్వు రావాల" అన్నాడు. అత్త పోయి ఏడాది. చూపు మందగించాక, ఆఖరి నెలల్లో గుడ్డమీద దారంతో కుట్టిన బైబిలు వాక్యం అది. దాన్ని నలుగురూ చూడాలని మావయ్య కోరిక. విశాఖలో సాయంత్రం ఐదింటికి స్లీపర్ ఎక్కాను.

సర్వమత కళాప్రదర్శనకు వెళ్తున్నానంటే ఎదురు బెర్తు పెద్దాయన నవ్వాడు. "దానికి కలకత్తా ఎల్లాలేటమ్మా? మా ఈదిలో అన్ని మతాలోళ్ళూ ఒకే కుళాయి కాడ కొట్టుకుంటారు."

ఉదయం ఏడింటికి షాలిమార్‌లో దిగాను. స్టేషన్ బయట పూరీ, కూర తిని టాక్సీలో భవానీపూర్‌లోని ప్రదర్శన హాలుకు చేరేసరికి తొమ్మిది. మావయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అత్త వాక్యానికి కట్టించిన పటం చంకలో పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

లోపల, మతాల మధ్య అవగాహన పెంచడానికి మతానికో గది కేటాయించారు. గదికో గుమ్మం, గుమ్మానికో రిబ్బను. వచ్చినవాళ్ళు ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళి, ఎవరి దేవుడితో వాళ్ళు సెల్ఫీ దిగి, టీ తాగి వెళ్ళిపోతున్నారు. పొరపాటున పక్క మతం గురించి తెలిసిపోయే ప్రమాదం ఎక్కడా లేదు.

క్రైస్తవ గది చూసుకునే ఆవిడ పటం చూసి పెదవి విరిచింది. "ఇది రాత కదా దాదా, మాకు బొమ్మ కావాలి" అంది హిందీలో.

"మా సంగంలో బొమ్మలెట్టరమ్మా. గోడమీద వాక్యవే మాకు" అన్నాడు మావయ్య, హిందీ తెలుగు కలిపేసి.

"మరి ఇందులో కళ ఎక్కడుంది?"

నాకు ఒళ్ళు మండింది. పక్క గది నిండా అరబ్బీ అక్షరాలే కదా అన్నాను. "అది వాళ్ళ మతం" అందావిడ.

గొడవ విని, ఆ అక్షరాలు రాసిన ముసలాయనే బయటికి వచ్చాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. పటాన్ని వెలుగువైపు తిప్పి, కుట్లు వంకరపోయిన చివరి వరసమీద వేలు ఆనించి, "ఇక్కడికొచ్చేసరికి కుట్టినవాళ్ళకు కళ్ళు కనబడలేదు కదూ?" అని హిందీలో అడిగాడు. మావయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముసలాయన తన గదిలో తన పటం ఒకటి దించి, ఆ మేకుకే అత్త పటం తగిలించాడు.

నిర్వాహకులు కంగారుపడ్డారు. చూసేవాళ్ళు అయోమయంలో పడతారట. ఇంతలో ముఖ్య అతిథి రావడంతో ఆ చర్చ అక్కడే ఆగింది. ఆయన అవగాహన గురించి ముప్పావుగంట మాట్లాడి, ఒక్క గదీ చూడకుండా భోజనానికి వెళ్ళాడు. మీరెవరైనా వెళ్తే ప్రసంగాల వేళ తప్పించుకోండి. గదులు మారి చూడండి.

సాయంత్రం నా తిరుగు రైలు కదిలేముందు, ప్రదర్శన అయ్యాక పటం ఇంటికి తెచ్చుకుంటావా అని మావయ్యను అడిగాను.

"తెస్తాను. ఆయన దించిన పటం కూడా అడిగినాను. మా గోడమీద అత్త పక్కనే ఎడతాను. అందులో ఏటి రాసుందో ఆదివారం చర్చి అయినాక, బోయినానికొచ్చి సెప్తానన్నాడు."